ఐఐఎస్ ఉన్న విండోస్ సర్వర్‌లో ఎంఎస్4డబ్ల్యూ: పాత సైటును కదపకుండా మ్యాప్‌సర్వర్ నడపడానికి సమగ్ర మార్గదర్శి

వెబ్‌లో పటాలు గీసి పంపే మ్యాప్‌సర్వర్ విండోస్‌లో కావాలంటే సులువైన దారి ఎంఎస్4డబ్ల్యూ (మ్యాప్‌సర్వర్ ఫర్ విండోస్) అనే ప్యాకేజీ. వెబ్ సర్వర్ అపాచీ, పీహెచ్‌పీ, మ్యాప్‌సర్వర్, పటాల డేటా చదివే జీడాల్, కోఆర్డినేట్లు మార్చే ప్రోజ్, మ్యాప్‌క్యాష్ అన్నీ ఒకే ఫోల్డర్‌లో, ఒకదానికొకటి సరిపోయే వెర్షన్లలో వస్తాయి. ఖాళీ మెషిన్ అయితే జిప్ విప్పి ఒక బ్యాచ్ ఫైలు నడిపితే చాలు. ఆ మెషిన్‌లో మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్ ఐఐఎస్ మీద కాలేజీ సైటో, ఆఫీసు పోర్టలో అప్పటికే నడుస్తుంటే మాత్రం చిక్కులు మొదలవుతాయి. 80వ పోర్టు ఖాళీగా ఉండదు. ఎప్పుడో వేసిన పటాల డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్ తన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పెట్టుకుని ఉంటుంది. పాత సైటు ఒక్క నిమిషం ఆగినా ఫోన్లు మోగుతాయి.

ఇక్కడ చెప్పే పద్ధతిలో ఎంఎస్4డబ్ల్యూను మొత్తంగా, ముక్కలు చేయకుండా, వేరే పోర్టులో పెడతాం. పాత సర్వర్‌తో దాన్ని ఒక్కచోటే, అంటే రివర్స్ ప్రాక్సీ (బయటి అభ్యర్థనను అందుకుని లోపలి సర్వర్‌కు పంపేది) దగ్గరే కలుపుతాం. పాత సర్వర్ ఐఐఎస్ అనుకుని వివరంగా చెబుతున్నాం. ఎక్సాంప్ లాంటి అపాచీ ఉన్నవాళ్లకు మారే భాగం చివర్లో ఉంది. ఫైళ్ల పేర్లు, ఆదేశాలు పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాశాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్‌లోనే కొట్టాలి.

ఏ దారి, ఎందుకు

కొందరు ఎంఎస్4డబ్ల్యూలోంచి మ్యాప్‌సెర్వ్.ఎగ్జీని తీసి ఐఐఎస్‌లో సీజీఐగా (అభ్యర్థన వచ్చినప్పుడల్లా వెబ్ సర్వర్ నడిపే ప్రోగ్రాముగా) పెడతారు. కుదురుతుంది కానీ, ఆ ఎగ్జీ ఒంటరిది కాదు. దాని పక్కనే పదుల కొద్దీ డీఎల్ఎల్ ఫైళ్లు ఉంటాయి. ప్రోజ్ డేటా, జీడాల్ డేటా, కాన్ఫిగ్ ఫైలు ఎక్కడున్నాయో అపాచీ కాన్ఫిగరేషనే దానికి చెబుతుంది. ఐఐఎస్‌కు మారిస్తే అవన్నీ మీరే సిస్టమ్ స్థాయిలో పెట్టాలి, సీజీఐ రిస్ట్రిక్షన్స్‌లో అనుమతివ్వాలి, అప్లికేషన్ పూల్ ఖాతాకు ఫోల్డర్ హక్కులివ్వాలి. తర్వాత వచ్చే ప్రతి అప్‌డేట్‌కూ ఇదంతా మళ్లీ చేయాలి.

ఇంకొందరు ఎంఎస్4డబ్ల్యూ మాడ్యూళ్లను పాత అపాచీలో కలిపేస్తారు. దీన్ని అసలు చేయొద్దు. రెండు పీహెచ్‌పీలు, రెండు ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లు, రెండు లిబ్‌కర్ల్‌లు ఒకే ప్రాసెస్‌లోకి వస్తే ఏది ఎక్కడ తెగిందో పట్టుకోవడానికి వారం పడుతుంది.

వేరే పోర్టు, మధ్యలో ప్రాక్సీ అనే దారిలో రెండు సర్వర్లూ వేటికవే ఉంటాయి. మ్యాప్ సర్వీసు పడిపోయినా పాత సైటు పడదు. పాత సైటుకున్న హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ మ్యాపులకూ పనిచేస్తుంది. మ్యాపులు, వెబ్ పేజీ ఒకే డొమైన్ నుంచి వస్తాయి కాబట్టి బ్రౌజర్ వేరే డొమైన్ల డేటాకు సంబంధించిన సీఓఆర్ఎస్ గొడవ పెట్టదు.

1. పోర్టులు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌స్టాట్ ఆదేశాన్ని హైఫన్ ఏఎన్ఓ ఆప్షన్లతో నడపండి. లిజనింగ్ అని ఉన్న వరుసల్లో 80, 443, 8080, 8085 పోర్టులున్నాయేమో చూడండి. చివరి కాలమ్‌లోది ప్రాసెస్ నంబరు. టాస్క్‌లిస్ట్‌ను స్లాష్ ఎస్‌వీసీతో నడిపితే ఆ నంబరు ఏ సర్వీసుదో తెలుస్తుంది.

80 దగ్గర ప్రాసెస్ నంబరు 4, పేరు సిస్టమ్ అని కనిపిస్తే వైరస్ అనుకుని కంగారు పడొద్దు. ఐఐఎస్ తన పోర్టులను విండోస్ కెర్నెల్‌లోని హెచ్‌టీటీపీ.సిస్ డ్రైవర్ ద్వారా పట్టుకుంటుంది కాబట్టి అలా కనిపిస్తుంది.

ఈ వ్యాసంలో ఎంఎస్4డబ్ల్యూకు 8085 వాడుతున్నాం. టామ్‌క్యాట్, జెంకిన్స్, జియోసర్వర్ అన్నీ 8080 కోసమే పోటీ పడతాయి కాబట్టి దాన్ని వదిలేయడం మంచిది. మెషిన్‌లో హైపర్-వీ ఉంటే ఇంకొకటి చూడాలి. విండోస్ కొన్ని పోర్టులను గుంపులుగా రిజర్వ్ చేసి పెడుతుంది, అవి నెట్‌స్టాట్‌లో కనిపించవు. నెట్‌ఎస్‌హెచ్ ఇంటర్‌ఫేస్ ఐపీవీ4 షో ఎక్స్‌క్లూడెడ్‌పోర్ట్‌రేంజ్ ప్రోటోకాల్=టీసీపీ అని అడిగితే ఆ జాబితా వస్తుంది. మీరు ఎంచుకున్న నంబరు అందులో ఉంటే ఇంకొకటి ఎంచుకోండి.

2. జిప్ విప్పడం

ఇన్‌స్టాలర్ కంటే జిప్ మేలు. ఏ ఫైలు ఎక్కడికి వెళ్లిందో మీకు తెలుస్తుంది, వద్దనుకుంటే ఫోల్డర్ తీసేస్తే సరిపోతుంది.

డౌన్‌లోడ్ చేసిన జిప్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టండి. తర్వాత విప్పేటప్పుడు గమ్యం సీ డ్రైవ్ మూలమే కావాలి. విండోస్ ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ తనంతట తాను జిప్ పేరుతో ఒక ఫోల్డర్ సూచిస్తుంది. ఆ పేరు చెరిపేసి సీ డ్రైవ్ మాత్రమే ఉంచండి. విప్పాక సీ:/ఎంఎస్4డబ్ల్యూ/అపాచీ అనే దారి నేరుగా కనబడాలి. మధ్యలో ఇంకో ఫోల్డర్ వచ్చిందంటే తప్పుగా విప్పినట్టే.

కాన్ఫిగరేషన్ ఫైళ్లన్నింటిలో దారులు డ్రైవ్ అక్షరం లేకుండా, స్లాష్ ఎంఎస్4డబ్ల్యూతో మొదలవుతాయి. అందువల్ల డి డ్రైవ్‌లో పెట్టినా ఇబ్బంది లేదు గానీ, డ్రైవ్ మూలంలోనే, అదే పేరుతో ఉండాలి. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల పెడితే ప్రతి దారీ చేత్తో మార్చాలి, ఆపై రాత హక్కుల తలనొప్పి వేరే.

ఇదే దశలో మైక్రోసాఫ్ట్ విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ ఉందో లేదో చూసుకోండి. ప్యాకేజీ 64 బిట్లదైతే 64 బిట్లదే కావాలి. అది లేకపోతే అపాచీ మొదలవ్వకుండానే వీసీరన్‌టైమ్140.డీఎల్ఎల్ దొరకలేదని చెబుతుంది. ఆ ఒక్క డీఎల్ఎల్‌ను ఇంటర్నెట్‌లో వెతికి తెచ్చి పడేయడం ప్రమాదం; మొత్తం రీడిస్ట్రిబ్యూటబుల్‌ను మైక్రోసాఫ్ట్ సైటు నుంచే వేయండి.

ఎంఎస్4డబ్ల్యూలోని ఏ ఫోల్డర్‌నూ సిస్టమ్ పాత్ వేరియబుల్‌లో చేర్చొద్దు. విండోస్ ఒక ప్రోగ్రాముకు కావాల్సిన డీఎల్ఎల్‌ను ముందు ఆ ప్రోగ్రాము ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది, పాత్ వరకూ చివర్లో వస్తుంది. కాబట్టి మ్యాప్‌సెర్వ్.ఎగ్జీకి పాత్ అవసరమే లేదు. మీరు చేరిస్తే నష్టపోయేది ఆ మెషిన్‌లో ఉన్న మిగతా ప్రోగ్రాములు. కమాండ్ లైన్ పనికి ఎంఎస్4డబ్ల్యూలోనే సెట్‌ఎన్‌వీ.బ్యాట్ ఉంది. అది ఆ ఒక్క కిటికీకే అమర్పులు చేస్తుంది.

3. పోర్టు మార్చి, లోపలికే కట్టేయడం

అపాచీ ఫోల్డర్‌లోని కాన్ఫ్ లోపల హెచ్‌టీటీపీడీ.కాన్ఫ్ తెరవండి, ముందు దానికొక నకలు తీసి పెట్టుకుని. లిజన్ 80 అని ఉన్న వరుసను లిజన్ 127.0.0.1:8085గా మార్చండి. సర్వర్‌నేమ్ వరుసలో 80 ఉంటే అక్కడా 8085 చేయండి.

లిజన్ ముందు 127.0.0.1 పెట్టడం ముఖ్యం. ఉత్త 8085 అని రాస్తే అపాచీ అన్ని నెట్‌వర్క్ కార్డుల మీదా వింటుంది, బయటివాళ్లు ఐఐఎస్‌ను దాటవేసి నేరుగా మ్యాప్‌సర్వర్‌కు రాగలుగుతారు. లూప్‌బ్యాక్‌కు కట్టేస్తే ఐఐఎస్ లాంటి ఆ మెషిన్‌లోని ప్రోగ్రాములు తప్ప బయటివాళ్లెవరూ మాట్లాడలేరు. ఫైర్‌వాల్‌లో కొత్త తలుపు తెరవాల్సిన పనీ ఉండదు. విండోస్ ఫైర్‌వాల్ కిటికీ వచ్చి అనుమతి అడిగితే క్యాన్సెల్ నొక్కండి.

కాన్ఫ్ ఫోల్డర్ మొత్తంలో, దాని లోపలి ఎక్స్‌ట్రా ఫోల్డర్‌తో సహా, లిజన్ అనే మాట కోసం వెతకండి. 443 మీద ఎక్కడైనా లిజన్ ఉండి, ముందు హ్యాష్ గుర్తు లేకపోతే హ్యాష్ పెట్టండి. హెచ్‌టీటీపీఎస్ పని ఐఐఎస్ చూసుకుంటుంది.

మార్చాక అపాచీ బిన్ ఫోల్డర్‌లోని హెచ్‌టీటీపీడీ.ఎగ్జీని హైఫన్ టీతో నడపండి. సింటాక్స్ ఓకే అని రావాలి. ఇది రాతలో తప్పుల్ని మాత్రమే పడుతుంది. పోర్టు ఖాళీగా ఉందా లేదా అన్నది చెప్పదు.

4. సర్వీసుగా నిలబెట్టడం

ఎంఎస్4డబ్ల్యూ ఫోల్డర్‌లో అపాచీ-ఇన్‌స్టాల్.బ్యాట్ మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. మామూలుగా డబుల్ క్లిక్ చేస్తే సర్వీసు నమోదు కాదు, యాక్సెస్ డినైడ్ వస్తుంది. సరిగ్గా నడిస్తే విండోస్ సర్వీసుల్లో అపాచీ ఎంఎస్4డబ్ల్యూ వెబ్ సర్వర్ అనే పేరు చేరుతుంది. ఎక్సాంప్ అపాచీ పేరు వేరు కాబట్టి రెండూ కొట్టుకోవు.

అది ఆగిపోతే అపాచీ లాగ్స్ ఫోల్డర్‌లోని ఎర్రర్.లాగ్, అక్కడ ఏమీ లేకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ చూడండి. ఏహెచ్00072 కోడుతో, పోర్టు పట్టుకోలేకపోయానని వస్తే దానితో ఉన్న విండోస్ నంబరు చూడాలి. 10048 అంటే ఆ పోర్టులో అప్పటికే ఎవరో ఉన్నారు. 10013 అంటే విండోస్ అనుమతివ్వలేదు. చాలాసార్లు కారణం మొదటి దశలో చెప్పిన రిజర్వు జాబితానే.

అదే మెషిన్‌లో బ్రౌజర్ తెరిచి 127.0.0.1:8085 కొట్టండి. ఎంఎస్4డబ్ల్యూ స్వాగత పేజీ వస్తుంది. తర్వాత దానికే సీజీఐ-బిన్/మ్యాప్‌సెర్వ్.ఎగ్జీ, చివర ప్రశ్నార్థకం చేర్చి చూడండి. డీకోడ్ చేయడానికి క్వెరీ సమాచారం లేదనీ, క్వెరీ స్ట్రింగ్ ఖాళీగా ఉందనీ ఒక వాక్యం రావాలి. చూడ్డానికి ఎర్రర్‌లా ఉన్నా ఇదే కావాల్సిన జవాబు, మ్యాప్‌సర్వర్ బతికి ఉంది. దీనికి బదులు 500 ఎర్రర్ వస్తే డీఎల్ఎల్ లోపమే ముందు అనుమానించండి: సెట్‌ఎన్‌వీ.బ్యాట్ నడిపిన కిటికీలో మ్యాప్‌సెర్వ్ హైఫన్ వీ అని అడిగితే ఏది దొరకలేదో అక్కడ తెలుస్తుంది.

సర్వీసు మామూలుగా లోకల్ సిస్టమ్ ఖాతాతో నడుస్తుంది. బయటి ప్రపంచానికి సేవ చేసే ప్రోగ్రాముకు అంత అధికారం ఉండకూడదు. ఇందుకోసమే ఒక మామూలు ఖాతా సృష్టించి, సర్వీసు ప్రాపర్టీస్‌లో లాగాన్ ట్యాబ్‌లో ఇవ్వండి. ఆ ఖాతాకు ఎంఎస్4డబ్ల్యూ మొత్తం చదివే హక్కు, అపాచీ లాగ్స్‌కు, టీఎంపీ ఫోల్డర్‌కు రాసే హక్కు చాలు. మ్యాప్ డేటా వేరే మెషిన్‌లో ఉంటే జెడ్ డ్రైవ్ లాంటి మ్యాప్ చేసిన అక్షరాలు పనిచేయవు. అవి లాగిన్ అయిన మనిషివి, సర్వీసుకు కనిపించవు. రెండు స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి రాసి, ఆ షేర్ మీద సర్వీసు ఖాతాకు హక్కివ్వాలి. మీ చేత్తో నడిపితే వచ్చే మ్యాప్ వెబ్‌లో రాకపోవడానికి ఇది తరచూ కనబడే కారణం.

5. కాన్ఫిగ్ ఫైలు: పాత గైడ్లలో లేనిది

2022లో వచ్చిన మ్యాప్‌సర్వర్ 8.0 నుంచి ఒక కాన్ఫిగ్ ఫైలు తప్పనిసరి అయింది. అంతకుముందు రాసిన పాఠాలు చూసి చేస్తే సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. ఆ ఫైలు ఎక్కడుందో మ్యాప్‌సర్వర్_కాన్ఫిగ్_ఫైల్ అనే వేరియబుల్ చెబుతుంది. ఎంఎస్4డబ్ల్యూ అపాచీ కాన్ఫిగరేషన్‌లో సెట్‌ఎన్వ్ వరుసల్లో వెతికితే దాని విలువ దొరుకుతుంది. ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి.

అందులో ఎన్వ్ అనే భాగంలో ఎంఎస్_మ్యాప్_ప్యాటర్న్ ఉంటుంది. చిరునామాలో మ్యాప్ అని ఇచ్చే దారి ఈ నమూనాకు సరిపోతేనే మ్యాప్‌సర్వర్ ఆ ఫైలు తెరుస్తుంది. లేకపోతే మ్యాప్ విలువ సరిచూడడంలో విఫలమైందని వెబ్ అప్లికేషన్ ఎర్రర్ ఇస్తుంది. ఫోల్డర్ పేరులో ఖాళీ ఉన్నా, తెలుగు అక్షరాలున్నా మామూలు నమూనాకు సరిపోదు. దారుల్లో ఎప్పుడూ ముందుకు వాలిన స్లాష్‌లే రాయండి.

ఇంకా మంచి పద్ధతి మ్యాప్స్ భాగం వాడడం. అక్కడ ఒక పొట్టి పేరు, దానికెదురుగా మ్యాప్‌ఫైలు (ఏ డేటాను ఎలా గీయాలో రాసిన ఫైలు) పూర్తి దారి రాస్తే చిరునామాలో ఆ పేరే ఇవ్వొచ్చు. ఉదాహరణకు జిల్లాలు అనే పేరును సీ:/ఎంఎస్4డబ్ల్యూ/యాప్స్/జిల్లాలు/జిల్లాలు.మ్యాప్‌కు కట్టండి. అన్ని మ్యాపులూ ఇలా రాశాక ఎన్వ్ భాగంలో ఎంఎస్_మ్యాప్_నో_పాత్ పెట్టండి. ఇక బయటివాళ్లు పూర్తి దారులిచ్చి మీ డిస్కులో ఏముందో తడిమి చూడలేరు.

ఇక్కడే ఎంఎస్_ఎర్రర్‌ఫైల్‌కు టీఎంపీ ఫోల్డర్‌లో ఒక ఫైలు, ఎంఎస్_డీబగ్‌లెవెల్‌కు 5 ఇవ్వండి. అన్నీ సవ్యంగా నడిచాక మాత్రం డీబగ్ తగ్గించడం మరవొద్దు. రద్దీ ఉన్న సైటులో ఆ లాగు డిస్కు నింపేస్తుంది.

6. మ్యాప్‌ఫైలు, తెలుగు పేర్లు

యాప్స్ కింద మీ ఫోల్డర్‌లో మ్యాప్‌ఫైలు, డేటా అని వేరువేరుగా పెట్టుకోండి. రెండు తెలుగు రాష్ట్రాల జిల్లాల పటానికి ఎక్స్‌టెంట్ (హద్దులు) సుమారుగా 76.7 12.6 84.8 20.0. ప్రొజెక్షన్ ఈపీఎస్‌జీ 4326 (అక్షాంశ రేఖాంశాల పద్ధతికి కోడ్). మెట్రిక్ కొలతలు కావాలనుకుని యూటీఎం (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) ఎంచుకునేవాళ్లు జాగ్రత్త పడాలి. 78 నుంచి 84 డిగ్రీల మధ్య ఉన్న హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం 44వ జోన్‌లో ఉంటాయి, దాని కోడ్ 32644. కానీ 78కి పడమరన ఉన్న అనంతపురం, ఆదోని 43వ జోన్‌లోకి, 84కి తూర్పున ఉన్న ఇచ్ఛాపురం 45వ జోన్‌లోకి వెళతాయి. అందుకే రాష్ట్రం మొత్తం పటానికి ఒక్క యూటీఎం జోన్ నప్పదు. ఒక మండలానికో, జిల్లాకో అయితే సరే.

వెబ్ భాగంలోని మెటాడేటాలో మూడు పెట్టాలి. ఓడబ్ల్యూఎస్_ఎనేబుల్_రిక్వెస్ట్‌కు నక్షత్రం గుర్తు. ఇది లేకపోతే డబ్ల్యూఎంఎస్ (పటాల బొమ్మలు పంపే వెబ్ సేవ) తలుపులు మూసే ఉంటాయి. డబ్ల్యూఎంఎస్_ఎస్ఆర్ఎస్‌కు మీరిచ్చే కోడ్లు, కనీసం 4326, 3857. మూడోది ఓడబ్ల్యూఎస్_ఆన్‌లైన్‌రిసోర్స్. దీనికి 127.0.0.1 చిరునామా కాకుండా, ఐఐఎస్ ద్వారా బయటికి కనిపించే చిరునామా ఇవ్వాలి. గెట్‌క్యాపబిలిటీస్ (ఏ పొరలున్నాయో అడిగే అభ్యర్థన) జవాబులో మ్యాప్‌సర్వర్ ఈ చిరునామానే అచ్చు వేస్తుంది, క్యూజీఐఎస్ లాంటి క్లయింట్లు తర్వాతి అభ్యర్థనలన్నీ అక్కడికే పంపుతాయి. తప్పు రాస్తే పొరల జాబితా చక్కగా వచ్చి, పటం మాత్రం ఖాళీగా ఉంటుంది. ప్రాక్సీ వెనుక మ్యాప్‌సర్వర్ పెట్టినవాళ్లను ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే.

ఇక తెలుగు. 2015లో వచ్చిన మ్యాప్‌సర్వర్ 7.0 నుంచి అక్షరాలను హార్ఫ్‌బజ్ పేరుస్తుంది కాబట్టి ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా వస్తాయి. అయినా మూడుచోట్ల దెబ్బతింటుంది.

మొదటిది ఫాంట్. ఫాంట్‌సెట్ ఫైలులో ఒక మారుపేరు, దాని పక్కన టీటీఎఫ్ దారి రాసి, లేబుల్‌లో ఆ మారుపేరు వాడాలి. నోటో శాన్స్ తెలుగు గానీ, మండలి గానీ తీసుకోండి. రెండూ ఉచితంగా పంచుకోదగినవి, చిన్న సైజులో కూడా చదవడానికి బాగుంటాయి. ఇంగ్లిష్ ఫాంట్ ఇస్తే ఊళ్ల పేర్ల బదులు డబ్బాలు వస్తాయి.

రెండోది డేటా. షేప్‌ఫైలులోని డీబీఎఫ్ ఒక్కో గడికి 254 బైట్లకు మించి ఇవ్వదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడుకూ మూడేసి బైట్లు పడతాయి, అంటే 84 కోడ్లు. ఒక ఒత్తుకే పొల్లు, హల్లు అని రెండు కోడ్లు ఖర్చవుతాయి. కాలమ్ వెడల్పు 20గా పెట్టుకున్న షేప్‌ఫైలులోనైతే ఆరు కోడ్లకే పేరు తెగిపోతుంది. కాలమ్ పేర్లకు 10 అక్షరాల పరిమితి సరేసరి. జియోప్యాకేజ్‌కు ఈ బాధలేవీ లేవు. క్యూజీఐఎస్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి, లేయర్‌లో కనెక్షన్‌టైప్ ఓజీఆర్, కనెక్షన్‌కు జీపీకేజీ ఫైలు, డేటాకు టేబుల్ పేరు, ఎన్‌కోడింగ్‌కు యూటీఎఫ్-8 ఇవ్వండి. షేప్‌ఫైలే వాడక తప్పకపోతే దాని పక్కన సీపీజీ ఫైలు, అందులో యూటీఎఫ్-8 అన్న ఒక్క మాట ఉండేలా చూడండి.

మూడోది నోట్‌ప్యాడ్. పాత విండోస్‌లలో యూటీఎఫ్-8గా దాచిన ఫైలు మొదట్లో కంటికి కనబడని మూడు బైట్లు చేరతాయి, దాన్నే బీఓఎం అంటారు. మ్యాప్‌సర్వర్ దాన్ని గుర్తు తెలియని పదంగా చూసి మొదటి వరుసలోనే ఆగిపోతుంది. మొదటి వరుసలో పార్సింగ్ ఎర్రర్, ఆ వరుస చూస్తే సవ్యంగానే ఉంది అంటే ఇదే. నోట్‌ప్యాడ్++లో బీఓఎం లేని యూటీఎఫ్-8గా దాచండి.

బ్రౌజర్‌కు వెళ్లేముందు సెట్‌ఎన్‌వీ.బ్యాట్ నడిపిన కిటికీలో మ్యాప్2ఐఎంజీ ఆదేశానికి హైఫన్ ఎంతో మ్యాప్‌ఫైలు, హైఫన్ ఓతో బొమ్మ పేరు ఇచ్చి నడపండి. వెర్షన్ 8కి ముందు దీని పేరు ఎస్‌హెచ్‌పీ2ఐఎంజీ. ఇక్కడ బొమ్మ వచ్చిందంటే మ్యాప్‌ఫైలులో తప్పు లేదు, ఇక ఏది చెడినా అది హక్కులదో వెబ్ సర్వర్‌దో.

7. ఐఐఎస్‌లో తలుపు

యూఆర్ఎల్ రీరైట్ 2.1, అప్లికేషన్ రిక్వెస్ట్ రౌటింగ్ 3.0 అనే రెండు అదనపు మాడ్యూళ్లు కావాలి. వేశాక ఐఐఎస్ మేనేజర్ మూసి మళ్లీ తెరవండి. ఎడమవైపు సైటు మీద కాకుండా మొత్తం సర్వర్ పేరు మీద నొక్కి, అప్లికేషన్ రిక్వెస్ట్ రౌటింగ్ క్యాష్, అందులో సర్వర్ ప్రాక్సీ సెట్టింగ్స్‌కు వెళ్లి, ఎనేబుల్ ప్రాక్సీ టిక్ చేసి, అప్లై నొక్కాలి. ఈ టిక్ లేకుండా నియమం ఎంత బాగా రాసినా 404.4 వస్తుంది.

ఇప్పుడు మీ సైటు మీద నొక్కి యూఆర్ఎల్ రీరైట్‌లో ఖాళీ ఇన్‌బౌండ్ నియమం చేర్చండి. ప్యాటర్న్ ^మ్యాప్స్/జిల్లాలు$ అని, చర్య రీరైట్ అని, గమ్యం 127.0.0.1:8085 మీది సీజీఐ-బిన్/మ్యాప్‌సెర్వ్.ఎగ్జీ, దాని చివర ?మ్యాప్=జిల్లాలు అని ఇవ్వండి. అపెండ్ క్వెరీ స్ట్రింగ్, స్టాప్ ప్రాసెసింగ్ ఆఫ్ సబ్‌సీక్వెంట్ రూల్స్ రెండూ టిక్ చేయండి. వర్డ్‌ప్రెస్ లాంటిది ఉన్న సైటయితే ఈ నియమాన్ని జాబితాలో అన్నిటికంటే పైకి జరపాలి, లేకపోతే దాని నియమం ముందే అన్నీ పట్టేసుకుంటుంది. ఒక్కో మ్యాపుకు ఒక్కో నియమం రాయడం కాస్త శ్రమే అయినా, ఏం బయటికి వెళుతోందో మీ చేతిలో ఉంటుంది.

ఇలా చేస్తే బయటి చిరునామాలో డాట్ ఎగ్జీ కనిపించదు. భద్రత కోసం రిక్వెస్ట్ ఫిల్టరింగ్‌లో ఎగ్జీని నిషేధించిన సర్వర్లలో ఆ పొడిగింపు ఉన్న చిరునామాకు 404.7 వస్తుంది. ఈ పద్ధతిలో ఆ నిషేధాన్ని సడలించాల్సిన పనిలేదు.

ఈ దశలో వచ్చే మిగతా ఎర్రర్లు: 502.3 అంటే ఐఐఎస్ వెళ్లి తట్టినా అపాచీ పలకలేదు, లేదా సమయం చాలలేదు. సర్వీసు నడుస్తుంటే సమయం సంగతి చూడండి. ప్రాక్సీ సెట్టింగ్స్‌లో టైమ్‌అవుట్ మామూలుగా 120 సెకన్లు. ఒక పటం గీయడానికి అంతకంటే ఎక్కువ పడుతోందంటే టైమ్‌అవుట్ పెంచడం మందు కాదు. డేటాకు స్పేషియల్ ఇండెక్స్ లేకపోవడమో, రాష్ట్రమంతా చూపేటప్పుడు కూడా సర్వే నంబర్ల పొర గీయడమో కారణం అయి ఉంటుంది. ఆ పొరకు మ్యాక్స్‌స్కేల్‌డినామ్ పెట్టండి. 404.15 అంటే క్వెరీ స్ట్రింగ్ ఐఐఎస్ మామూలు పరిమితి 2048 బైట్లు దాటింది. చిరునామాలోనే ఎస్ఎల్‌డీ రంగుల వివరాలు పంపేవాళ్లకు ఇది వస్తుంది. రిక్వెస్ట్ ఫిల్టరింగ్‌లో పరిమితి పెంచుకోవచ్చు.

చివరి పరీక్ష వేరే మెషిన్ నుంచి చేయండి. గెట్‌క్యాపబిలిటీస్ జవాబులో 127.0.0.1 గానీ 8085 గానీ ఎక్కడైనా కనిపిస్తే ఆరో దశలోని ఆన్‌లైన్‌రిసోర్స్ సరిచేయాలి. గెట్‌మ్యాప్ చేత్తో రాసి చూసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది: 4326కి డబ్ల్యూఎంఎస్ 1.1.1లో బీబాక్స్ (పటం హద్దులు) 76.7,12.6,84.8,20.0 అయితే, 1.3.0లో అక్షాంశం ముందు వస్తుంది, అంటే 12.6,76.7,20.0,84.8. తారుమారైతే ఎర్రర్ రాదు, ఖాళీ బొమ్మ వస్తుంది.

పాతది అపాచీ అయితే

మోడ్_ప్రాక్సీ, మోడ్_ప్రాక్సీ_హెచ్‌టీటీపీ రెండూ లోడ్ అవుతున్నాయో చూసి, పాత అపాచీలోనే రీరైట్‌రూల్ పీ జెండాతో పై నియమాన్నే రాయండి, క్వెరీ స్ట్రింగ్ కలపడానికి క్యూఎస్ఏ జెండా తోడు చేసి. మొత్తం ఎంఎస్4డబ్ల్యూను ప్రాక్సీపాస్‌తో బయటపెట్టడం తేలికే గానీ, అలా చేస్తే దాని స్వాగత పేజీ, నమూనా యాప్‌లు కూడా లోకానికి కనబడతాయి. ప్రాక్సీరిక్వెస్ట్స్ ఆన్ మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. రివర్స్ ప్రాక్సీకి అది అక్కర్లేదు, పెడితే మీ సర్వర్ అందరికీ ఓపెన్ ప్రాక్సీ అవుతుంది.

ప్రోజ్ డేటాబేస్ గొడవ

పోస్ట్‌జీఐఎస్ ఉన్న మెషిన్లలో ఇది తప్పకుండా చూసుకోవాలి. ప్రోజ్‌కు కోఆర్డినేట్ వివరాలన్నీ ప్రోజ్.డీబీ అనే ఫైలులో ఉంటాయి. అది ఎక్కడుందో ప్రోజ్_లిబ్ అనే వేరియబుల్, ప్రోజ్ 9.1 నుంచి ప్రోజ్_డేటా, చెబుతుంది. వేరే ప్రోగ్రాము ఈ వేరియబుల్‌ను సిస్టమ్ మొత్తానికీ పెట్టి ఉంటే, ఎంఎస్4డబ్ల్యూ తన ప్రోజ్‌తో ఎవరిదో డేటాబేస్ తెరిచే ప్రమాదముంది. అలా జరిగితే లాగులో డేటాబేస్ లేఅవుట్ వెర్షన్ మైనర్ ఇంత ఉంది, ఇంతకంటే ఎక్కువ కావాలి, ఇది వేరే ప్రోజ్ ఇన్‌స్టలేషన్ నుంచి వచ్చినట్టుంది అనే అర్థంలో సందేశం వస్తుంది.

సిస్టమ్ వేరియబుల్‌ను చెరిపేస్తే అవతలి ప్రోగ్రాము చెడుతుంది. దాన్ని అలాగే వదిలి, మ్యాప్‌సర్వర్ కాన్ఫిగ్ ఫైలు ఎన్వ్ భాగంలో రెండు పేర్లకూ ఎంఎస్4డబ్ల్యూ సొంత ప్రోజ్ ఫోల్డర్‌ను ఇవ్వండి. అక్కడ ఇచ్చిన విలువ సిస్టమ్ విలువ కంటే ముందుకొస్తుంది. ఒక్క పేరే రాస్తే రెండోది సిస్టమ్ నుంచి దూరిపోవచ్చు. జీడాల్_డేటాకూ ఇదే మందు.

పీహెచ్‌పీ విషయంలోనూ ఇలాంటిదే ఉంది. సీ:/విండోస్‌లో ఎప్పటిదో పీహెచ్‌పీ.ఐఎన్ఐ పడి ఉన్నా, పీహెచ్‌పీఆర్‌సీ వేరియబుల్ ఉన్నా కొత్త పీహెచ్‌పీ దాన్ని చదివే ప్రమాదముంది. పీహెచ్‌పీఇన్ఫో పేజీలో లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్ వరుస ఎంఎస్4డబ్ల్యూ లోపలి ఫైలునే చూపాలి.

తర్వాతి వెర్షన్ వచ్చినప్పుడు

పాతదాని మీద కొత్త జిప్ విప్పొద్దు. పాత డీఎల్ఎల్‌లు, కొత్త డీఎల్ఎల్‌లు కలిసిపోతాయి. అపాచీ-అన్‌ఇన్‌స్టాల్.బ్యాట్‌తో సర్వీసు తీసి, ఫోల్డర్ పేరు ఎంఎస్4డబ్ల్యూ_పాతగా మార్చి, కొత్తది విప్పండి. తర్వాత యాప్స్ కింద మీ సొంత ఫోల్డర్లు, కాన్ఫిగ్ ఫైలులో మీరు రాసిన వరుసలు, లిజన్ మార్పు తెచ్చుకోండి. అలియాస్‌ల లాంటి మీ అపాచీ అమర్పులను మొదటి నుంచీ హెచ్‌టీటీపీడీ.డి ఫోల్డర్‌లో హెచ్‌టీటీపీడీ_తో మొదలయ్యే సొంత ఫైలులో రాసుకుంటే, తెచ్చుకోవాల్సింది ఆ ఒక్క ఫైలే. అందులో ఆర్డర్ అలౌ, డినై అనే పాత 2.2 రాత ఉంటే రిక్వైర్ ఆల్ గ్రాంటెడ్‌గా మార్చండి.

సర్వీసు మళ్లీ నమోదు చేసి, ఖాతాను మళ్లీ ఇవ్వండి. కొత్త సర్వీసు తిరిగి లోకల్ సిస్టమ్‌తోనే మొదలవుతుంది. ఈ పనంతా జరుగుతున్నంత సేపూ ఐఐఎస్‌ను తాకక్కర్లేదు. మ్యాప్ చిరునామాలకు మాత్రం కొద్దిసేపు 502 వస్తుంది, సైటు మిగతా భాగమంతా మామూలుగానే తెరుచుకుంటుంది. కొత్తది వారం రోజులు సవ్యంగా నడిచాక పాత ఫోల్డర్ తీసేయండి.